తొమ్మిదింటికి మాయమైన బటన్

మా ఆఫీసుకి ఎవరైనా ఫోన్ చేసి "మీరు చేసిన వెబ్‌సైట్ పనిచేయడం లేదు" అంటే, మా రామ్మోహనరావు సార్ దగ్గర ఒకటే జవాబు ఉండేది. "మా సిస్టంలో బాగానే వస్తోందండీ." అంతే. ఫోన్ పెట్టేసి టీ తెప్పించుకునేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. రోగి కడుపునొప్పి అని ఏడుస్తుంటే డాక్టరు తన పొట్ట తడుముకుని "నాకేం నొప్పి లేదే" అన్నట్టు ఉండేది.

నాచారం మెయిన్ రోడ్డు మీద, ఒక స్వీట్ షాపు పైన రెండు గదులు మా ఆఫీసు. సార్, నేను, ఇంకో ఇద్దరు. సార్‌ది గుడివాడ దగ్గర పల్లె. పుస్తకాలు ముందేసుకుని సొంతంగా కోడ్ రాయడం నేర్చుకున్న మనిషి. దాని మీద ఆయనకి గర్వం ఉంది, ఉండాల్సిందే. మంచి మనిషి కూడా. అయితే మేం పనిచేసే పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొత్త సైట్ ఏది వచ్చినా పాత సైట్ ఫోల్డరు మొత్తం కాపీ చేసి, పేర్లూ బొమ్మలూ మార్చేవాళ్లం. స్కూలు సైట్‌లోంచి నగల కొట్టు పుట్టింది. నగల కొట్టులోంచి ఫంక్షన్ హాలు పుట్టింది. ఏ లైను తీసేస్తే ఏది కూలుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి, ఎవరూ ఏదీ తీసేవాళ్లు కాదు. అత్తగారింటి అటకలాగా అన్నీ అలాగే పేరుకుపోయేవి.

ఆ వరుసలోనే 2010లో రామంతాపూర్ డయాలసిస్ సెంటర్ సైట్ చేశాం. అది ఒక ట్రస్టు నడిపే చిన్న సెంటర్. ఆరు మిషన్లు, డబ్బు తీసుకోరు. ఇవాళ వచ్చి చెప్పుకుంటే రేపటికి సీటు ఇస్తారు. సీట్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. ట్రస్టు అధ్యక్షుడు చిదంబరం గారు రిటైరైన హెడ్మాస్టరు. ఎవరికీ ఏ సిఫార్సూ సాగకూడదని ఆయనే కాగితం మీద సీట్లు రాయడం మాన్పించి, కంప్యూటర్ పెట్టించారు. కౌంటర్‌లో కూర్చునే రూతు, వరసలో ముందున్న మనిషి పేరు కొట్టి, "సీటు ఖాయం" అనే పచ్చ బటన్ నొక్కాలి. నొక్కితే సీటు ఇచ్చినట్టు, నొక్కకపోతే లేనట్టు.

ఆ బటనే మాయమవుతోంది.

"మేడం, మళ్ల పోయింది," అని రూతు నాకు ఫోన్ చేసింది ఒక బుధవారం మధ్యాహ్నం. అంతకుముందు సార్‌కి చాలాసార్లు చేసిందట. ఆయన జవాబు మీకు తెలుసు కదా. విసుగొచ్చి, సెంటర్ వాళ్లకి నేర్పడానికి వెళ్లినప్పుడు నేనిచ్చిన నంబరుకి చేసింది. 

"ఎప్పుడు పోతుంది?" అన్నాను.

"గదే కదా మేడం. ఒక దినం పొద్దున పోతది. ఒక దినం అన్నం తిన్నంక పోతది. ఇగ దానంతటదే వస్తది. నేను చెప్తే అందరు నవ్వుతున్రు."

నేను నవ్వలేదు, కానీ నమ్మిందీ లేదు. తిరుగుళ్లు తిరిగే తప్పు అంటే ఎవరు నమ్ముతారు? నా ముందు కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి చూశాను. అప్పటికి రెండు దాటింది. పచ్చ బటన్ నిక్షేపంగా ఉంది. "మా సిస్టంలో..." అని నోటి చివరిదాకా వచ్చి, నా మీద నాకే అసహ్యం వేసి, మింగేశాను.

"అక్కా, నువ్వేం చేశావో వద్దు. నీకేం కనబడిందో చెప్పు," అన్నాను.

ఆమె చెప్పింది వింటే అసలు సంగతి బటన్ కాదని తెలిసింది. 

అన్నోజిగూడ నుంచి రాజయ్య అనే ఆయన భార్యను తీసుకుని వస్తాడు. వరసగా రెండు శనివారాలు అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు. రెండుసార్లూ పొద్దున్నే బటన్ లేదు. "జర ఆగన్నా, వస్తది" అంది రూతు. రెండుసార్లూ ఆయన ఆగి ఆగి, లోపల భార్యకు ఆయాసం వస్తుంటే ఆమెను చూసుకోవడానికి వెళ్లాడు. ఆ సందులో బటన్ తిరిగొచ్చింది, వెనకున్న వాళ్లు సీట్లు తీసుకున్నారు. రెండోసారి ఆఖరి సీటు దక్కిన తారామణి, రూతు వెళ్లే చర్చికే వెళ్తుంది. ఇంకేం కావాలి? "తనోళ్లొస్తే బటన్ ఉంటది, మేమొస్తే ఉండదు" అని రాజయ్య హాలంతా వినబడేలా అరిచాడు. ఆయన భార్యను ఆ రాత్రి పెద్ద దవాఖానాలో చేర్చాల్సి వచ్చింది. బతికి బయటపడింది, కానీ అరుపు ఆగలేదు. ఆ మంగళవారం చిదంబరం గారు వచ్చి, నలభై మంది రోగుల ముందు రూతును నిలబెట్టి తిట్టారు. ఈ శనివారం కమిటీ మీటింగు. ఆమెను తీసేస్తారు.

"ఉద్యోగం పోతే ఇంకోటి సూసుకుంట మేడం," అంది రూతు. "మోత్కూరు నుంచి వచ్చిననాడు నాకు ఏ ఉద్యోగముండె? గని రోగుల సీట్లు అమ్ముకున్నది అంటే, ఆ పేరుతోని యాడికి పోవాలె?"

"నన్ను మేడం అనకు. ఆమని అను," అన్నాను. రేపు వస్తానని చెప్పాను.

గురువారం పొద్దున వెళ్లి కౌంటర్ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బటన్ బుద్ధిమంతురాలిలా ఉంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. వరసలో వాళ్లు నన్నూ రూతునూ మార్చి మార్చి చూసి గుసగుసలాడారు. ఒంటిగంట దాటాక, ఆఫీసు నుంచి సార్ ఫోన్‌లో గోల పెడుతుంటే లేచాను. రూతు ముఖం చూడలేకపోయాను. షేర్ ఆటో హబ్సిగూడ చేరిందో లేదో ఫోన్ మోగింది.

"పోయింది ఆమనీ. ఇగో, ఇప్పుడే పోయింది!"

అక్కడికక్కడే దిగి వెనక్కి తిరిగాను. ఆ రోజు తెలంగాణ ఊరేగింపు. రోడ్డంతా జెండాలు, డప్పులు. ఆటోలు లేవు. ఎండలో నడిచి, నెట్టుకుని, తిట్లు తిని, తిట్టి, సెంటర్‌కి చేరేసరికి మూడు దాటింది. రూతు కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. పచ్చ బటన్ ఉంది. దాన్ని చూస్తే నన్ను చూసి పళ్లికిలించినట్టు అనిపించింది. మనిషయితే చెంప పగలగొట్టేదాన్ని.

అప్పుడే పంతం పట్టాను. శనివారం లోపల దీని సంగతి తేల్చకపోతే ఈ పని మానేసి ఇంట్లో అప్పడాలు ఒత్తుకుంటానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

శుక్రవారం ఆఫీసుకి సెలవు చెప్పాను. పొద్దున్నే వెళ్లాలనుకుంటే ఉప్పల్‌లో మా వీధికి కరెంటు పోయింది. లాప్‌టాప్ ఛార్జింగ్ లేదు. కరెంటు వచ్చి, అది కాస్త నిండి, బ్యాగు భుజాన వేసుకునేసరికి పదిన్నర. గుమ్మంలో మా అమ్మ కామాక్షి నిలబడి ఉంది.

"ఇప్పుడెక్కడికి? రాహుకాలం వచ్చేసింది. పన్నెండింటికి వెళ్లు."

మాది తెనాలి. వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకుని పదిహేనేళ్లయినా, మా అమ్మ వంటింటి క్యాలెండర్ చూడకుండా వీధి గేటు తీయదు. నన్నూ తీయనివ్వదు. 

"అమ్మా, అవతల ఒకావిడ ఉద్యోగం పోతోంది."

"పన్నెండింటికి వెళ్తే పోదా ఏమిటి? ముందే చెప్పుంటే నీ బ్యాగు పొద్దున్నే పక్కింట్లో పెట్టించేదాన్ని. బయల్దేరినట్టే అయ్యేది."

"నేను బ్యాగుని కాదమ్మా," అని ఆమె చేతి కిందనుంచి దూరి వీధిలో పడ్డాను. వెనక నుంచి ఆమె నా మొండితనాన్ని మా నాన్న వైపు వంశంతో సహా తిడుతూనే ఉంది.

నేను వెళ్లేసరికి హాలు నిండా జనం. రూతు నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచింది. "సూడు! జల్ది సూడు!"

బటన్ లేదు. రోగి పేరుంది, తేదీ ఉంది, మిషన్ నంబరుంది. పచ్చ బటన్ ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. ఎవరికైనా ఇంత సంతోషం ఖాళీని చూసి కలిగి ఉండదు. 

సెంటర్ కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ లేదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నది ఎక్కించాను, దానికి ఫైర్‌బగ్ తగిలించాను. ఆ రోజుల్లో మా పనివాళ్లకు అదే దిక్కు. తెర కింద మూలన చిన్న పురుగు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే పేజీ పొట్ట విప్పినట్టు లోపలిదంతా కనబడుతుంది, ఏ అక్షరం ఎక్కడ నుంచి వచ్చింది, ఏ రంగు ఎవరు వేశారు, అన్నీ. పేజీ తెరిచి, పురుగును నొక్కి, బటన్ ఉండాల్సిన చోటు వెతికాను.

ఉంది! బటన్ తాలూకు లైను అక్కడే ఉంది. కాకపోతే బూడిద రంగులో ఉంది. బూడిద రంగు అంటే వస్తువు పేజీలోనే ఉంది, కంటికి కనబడకుండా దాచారు అని అర్థం.

"అక్కా, బటన్ ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది. దాచేశారు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

"నేను దాసలే," అంది రూతు వెంటనే. ఎన్ని రోజుల నుంచి ఆ మాట ఎంతమందికి చెప్పి ఉంటుందో.

"నువ్వు దాచలేవు. దీన్ని దాచాలంటే కోడ్ రాయాలి."

ఎవరు దాస్తున్నారో పట్టుకోవాలి. పేజీని నడిపించే కోడ్ ఉండే స్క్రిప్టుల పలకలోకి వెళ్లి బటన్ పేరుతో వెతికాను. మా ఆఫీసు అటక అంతా అక్కడే ఉంది. బంగారం రేటు చూపించే కోడ్, స్కూలు సెలవుల కోడ్, ఎవరికీ అక్కర్లేనివి వేల లైన్లు. వాటన్నిటి కింద, అడుగున, ఒక చిన్న ముక్క. దానికి పేరు తప్ప వివరం లేదు. నిమిషానికోసారి లేచి కంప్యూటర్ గడియారం చూస్తుంది. ఇవాళ ఏ వారమో చూస్తుంది. లోపల వరసగా ఏడు అంకెలున్నాయి, రోజుకొకటి. ఆ రోజు అంకె దగ్గర మొదలుపెట్టి గంటన్నర సేపు బటన్ దాచేస్తుంది. 

ఆ లైను పక్కన ఎర్ర చుక్క పెట్టాను. అలా చుక్క పెడితే బ్రౌజరు సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోతుంది, దొంగ చెయ్యి పట్టుకున్నట్టు. పేజీ మళ్లీ తెరిచాను. ఆగింది. పట్టుకున్నాను. ఈ క్షణం దాని చేతిలో ఏముందో చూశాను. శుక్రవారం. పదిన్నర. గంటన్నర.

నాకు గుమ్మంలో చేయి అడ్డం పెట్టిన మా అమ్మ కళ్లముందు నిలబడింది.

గురువారం అంకె చూశాను. ఒకటిన్నర. నేను ఆటోలో ఉన్న టైము. శనివారం అంకె, తొమ్మిది. రాజయ్య వరసలో అందరికంటే ముందు నిలబడ్డ టైము. కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాను. హాల్లో వాళ్లంతా నాకు పిచ్చెక్కిందనుకున్నారు. 

"ఏందది?" అంది రూతు.

"రాహుకాలం అక్కా. రాహుకాలంలో సీట్లివ్వద్దని దీనికెవరో చెప్పారు."

"అదేందో నాకేమెరుక?" అంది రూతు అయోమయంగా. "మాకు ఆదివారం ప్రార్థనకు లేటైతే అదొక్కటే తప్పు." ఆ తర్వాత నెమ్మదిగా అర్థమై, రెండు చేతులూ బల్ల మీద పెట్టి తల వంచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు. ఊపిరి పీల్చుకుంటోంది.

నాకు ఇంకో సంగతి కూడా తట్టింది. ఇన్నాళ్లూ మా సార్‌కి గానీ, చిదంబరం గారికి గానీ, కమిటీ వాళ్లకు గానీ ఈ తప్పు ఎందుకు కనబడలేదు? రాహుకాలంలో వాళ్లెవరూ ఏ పనీ మొదలుపెట్టరు కాబట్టి! రూతు ఫోన్ చేసినప్పుడల్లా "కాసేపాగి చూద్దాం" అనేవారు. ఆ కాసేపు అయ్యాక తీరిగ్గా చూస్తే అంతా బాగానే ఉండేది. ఆ గంటన్నరలో పని చేసేది రూతు ఒక్కతే. అందుకే అది రూతు ఒక్కదానికే కనబడింది.

అక్కడి నుంచి నేరుగా నాచారం వెళ్లాను. సార్ ఆ ఏడు అంకెలూ చూసి, ముందు కళ్లజోడు సవరించుకున్నారు, తర్వాత ముఖం వెలిగిపోయింది.

"ఇది నేనే రాశానోయ్! ఫంక్షన్ హాల్ ఆయన అడిగాడు. రాహుకాలంలో హాలు బుక్ చేసుకుంటే పెళ్లివాళ్లకి అచ్చిరాదని ఆయన పట్టు. ఎంత పొందిగ్గా రాశానో చూడు, ఏడే ఏడు అంకెలు."

"డయాలసిస్ సెంటర్‌లో పెళ్లిళ్లు చేయరు సార్."

ఆయన ముఖం ఆరిపోయింది. కుర్చీలో కూలబడ్డారు. తర్వాత, "తీసెయ్. ఐదు నిమిషాల పని. ట్రస్టు వాళ్లకి సర్వర్‌లో ఏదో ఇబ్బంది, సరిచేశాం అని చెబుదాం," అన్నారు.

"మరి రూతక్క?"

"రేపటి నుంచి బటన్ బాగా వస్తుంది కదా. నాలుగు రోజులైతే వాళ్లే మర్చిపోతారు."

"బటన్ బాగవుతుంది సార్. ఆవిడ పేరు బాగవదు."

"నలుగురిలో నా పరువు తీస్తావా ఆమనీ?" అన్నారు. కోపంగా అనలేదు. అలా అనడమే నాకు కష్టమనిపించింది. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. చిన్న చిన్న తప్పులు చేసినప్పుడు క్లయింటు ముందు నన్ను వెనకేసుకొచ్చిన మనిషి. అయినా నా మనసు కరగలేదు. కరిగితే రేపు ఈ మాటే ఇంకొకళ్లకి నేనూ చెప్తాను, ఏదో ఇబ్బంది, సరిచేశాం అని.

ముందు అసలు సైట్‌లో ఆ ముక్క తీసేశాను. ఇంకొక్క రోగి కూడా దాని వల్ల ఇబ్బంది పడకూడదు. పాత పేజీని మాత్రం నా లాప్‌టాప్‌లో అలాగే దాచుకుని, సాయంత్రం రామంతాపూర్‌లో చిదంబరం గారి ఇంటికి వెళ్లాను.

ఆయన వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. పేజీ తెరిచి చూపించాను, బటన్ ఉంది. లాప్‌టాప్ గడియారాన్ని పొద్దున పదకొండుకి మార్చి మళ్లీ తెరిచాను, బటన్ లేదు. ఆయన చూశారు, తలూపారు. నేను గెలిచాననుకున్నాను.

"గడియారం తిప్పితే ఏదైనా చూపించొచ్చమ్మా," అన్నారు. "నాలుగు దశాబ్దాలు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. కనికట్టు చాలా చూశాను. నువ్వు ఆ అమ్మాయి మీద జాలితో వచ్చావు. రేపు పదకొండింటికి మీటింగు. అక్కడ చూపించు."

"పదకొండింటికి కనబడదు సార్. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకానే. తొమ్మిదికి రండి. గడియారం ముట్టుకోను. మీ చేతి వాచీ చూసుకోండి."

"రాహుకాలంలో మీటింగా?" ఆయన ముఖం ఎలా పెట్టారంటే, ఆ మజ్జిగలో నేను ఉమ్మేసినట్టు. "నా జన్మలో చేయలేదు."

నాకు కోపం తన్నుకొచ్చింది. ఒక మాట అనేదాన్నే. అంతలో గుమ్మంలో మా అమ్మ గుర్తొచ్చింది, బ్యాగూ, పక్కిల్లూ.

"మీటింగు ఎనిమిదీ ముప్పావుకి మొదలుపెడదాం సార్. రాహుకాలం వచ్చేసరికి మనం మధ్యలో ఉంటాం. మొదలుపెట్టినట్టు కాదు కదా."

ఆయన నా వైపు చాలాసేపు చూశారు. మీసాల చాటున నవ్వు కనబడింది. "ఇది ఎవరు నేర్పారమ్మా?"

"మా అమ్మ సార్. తెనాలి."

"సరే," అన్నారు. "ఎనిమిదీ ముప్పావు."

శనివారం సెంటర్‌లో వెనక గదిలో పొడవాటి బల్ల. చిదంబరం గారు, ఇద్దరు కమిటీ సభ్యులు. నేను పిలవకపోయినా మా సార్ వచ్చి మూల కుర్చీలో కూర్చున్నారు. నన్ను చూడలేదు. నేనూ పలకరించలేదు. లాప్‌టాప్ చిదంబరం గారి ముందు పెట్టి, నేను రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాను. పాత పేజీ తెర మీద ఉంది, బటన్ పచ్చగా ఉంది. ఆయన వాచీ విప్పి లాప్‌టాప్ పక్కన పెట్టారు.

బయట హాల్లో రోగుల దగ్గులు, కుర్చీల చప్పుడు వినబడుతున్నాయి. ఇది పనిచేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నిన్న వంద సార్లు చూసుకున్నాను. అయినా వాచీ మీంచి కళ్లు తిప్పలేదు.

వాచీలో ముల్లు తొమ్మిది దాటింది. బటన్ పోయింది.

ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. చిదంబరం గారు ముందుకు వంగారు. పేజీ మళ్లీ తెరిచారు, లేదు. ఇంకోసారి తెరిచారు, లేదు. నేను వచ్చి పురుగు బొమ్మ నొక్కి, బూడిద రంగు లైను చూపించాను. తర్వాత ఆ ఏడు అంకెలు తెరిచాను. నేను చదవక్కర్లేకపోయింది. తెర వైపు చూడకుండానే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. "సోమవారం ఏడున్నర. మంగళవారం మూడు. బుధవారం పన్నెండు..." ఒక్కో అంకె దగ్గరా కమిటీ సభ్యులు తెర చూసి తలూపారు. శనివారం దాకా వచ్చి ఆయన ఆగిపోయారు.

"దీన్ని ఇందులో పెట్టిందెవరు?" అన్నారు.

నేను చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు. మూల కుర్చీ కిర్రుమంది.

"నేనే సార్," అన్నారు రామ్మోహనరావు గారు లేచి నిలబడి. "వేరే పని కోసం రాశాను. ఇందులోకి వచ్చిందని చూసుకోలేదు. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా మా దగ్గర బాగానే ఉందన్నాను. తప్పు నాది."

నాకు ఆయన మీద ఎంత గౌరవం ఉందో అప్పుడే నాకు తెలిసింది.

రూతును లోపలికి పిలిచారు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. చిదంబరం గారు గొంతు సవరించుకున్నారు. "నీ తప్పేం లేదని తేలిందమ్మా. కమిటీకి నీ మీద ఏ అనుమానమూ లేదు. వెళ్లి నీ పని చూసుకో."

రూతు కదల్లేదు.

"వెళ్లమ్మా, అయిపోయింది," అన్నాడు ఒక సభ్యుడు.

"సార్," అంది రూతు. "మీరు నన్ను తిట్టింది ఈ రూంల కాదు."

చిదంబరం గారు వాచీ తీసి చేతికి పెట్టుకున్నారు. బల్ల పట్టుకుని నెమ్మదిగా లేచారు, హాలు వైపు అడుగు వేశారు. మా సార్, పాపం, మేలు చేద్దామనే, అలవాటు కొద్దీ అనేశారు.

"మంచి మాట చెప్పబోతున్నారు కదా సార్. పదిన్నర దాటనివ్వండి."

చిదంబరం గారు ఆగి వెనక్కి తిరిగారు. "ఆ పిల్లను తిట్టిన రోజు నేను టైము చూసుకున్నానా, రామ్మోహనరావు గారూ?"

తలుపు తీసుకుని హాల్లోకి వెళ్లారు. మేమంతా వెనకే వెళ్లాం. ఆయన మంగళవారం ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడ్డారట. రూతు తర్వాత నాతో చెప్పింది. స్కూల్లో పొద్దున ప్రార్థనకి పిల్లలని పిలిచినట్టు గట్టిగా మాట్లాడారు.

"అందరూ వినండి. బటన్ మాయమైంది నిజం. మేం పెట్టించిన సైట్‌లోనే ఆ లోపం ఉంది. రూతు చెప్పిందంతా నిజమే. నేను నమ్మలేదు. ఇక్కడే, మీ అందరి ముందే, ఆమెను నానా మాటలూ అన్నాను. అది నా తప్పు. క్షమించమని ఆమెను మీ అందరి ముందే అడుగుతున్నాను."

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఆ హాల్లో మనుషులకు అంత ఓపిక ఉండదు. కొంతమంది రూతు వైపు చూశారు, కొంతమంది చూడలేక నేల చూశారు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

వరస వెనక నుంచి ఒక మనిషి అందరినీ తోసుకుంటూ కౌంటర్ దాకా వచ్చాడు. లుంగీ, మాసిన చొక్కా, చేతిలో భార్య మందుల సంచి. రాజయ్య.

"అక్కా... నేను గట్ల అనకుంటె మంచిగుండె. నా భార్య పానం మీదికి వచ్చేసరికి..."

రూతు ఆయన వైపు తలెత్తి చూసింది. ఏమంటుందోనని హాలంతా చూసింది, నేనూ చూశాను. తిడుతుందా? ఏడుస్తుందా? ఈసారికి అందరికంటే ముందు ఆయన పేరే కొడుతుందా?

"నీకంటే ముందు ఇంకా మంది ఉన్నరన్నా," అంది రూతు. "లైన్ల నిలబడు. నీ వంతు వస్తే నేనే పిలుస్త."

రాజయ్య తలూపి వెనక్కి వెళ్లి వరస చివర నిలబడ్డాడు.